ప్రళయకావేరిపై ఒక పగలు

తెలుగువాడు మెట్టసీమలో పుట్టి, మెట్టసీమలో పెరిగి, ఏనాడును పడవ యెక్కి యెరుగనివాడైనను, మాటలాడునప్పుడు మాత్రము నీటిమీదనే నడచుచుండును. పరీక్షలో నెగ్గిన విద్యార్థి ‘గట్టెక్కితి’ ననును. కుమార్తె పెండ్లి ముగించిన తండ్రి ‘ఒడ్డున పడితి’ ననును. నమ్మినవాడు మోసగించినచో ‘నట్టేట ముంచినా’ డందుము. నిలుకడలేని వానిది ‘గాలివాటపు బుద్ధి’ యందుము. కలిమిలేములు స్థిరములు కావని చెప్పవలసి వచ్చినచో ‘ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును’ అని పెద్దలు చెప్పుదురు. పని తీరినంతనే మేలు మరచువానిని జూచి ‘ఓడ యెక్కుదాక ఓడమల్లయ్య, ఓడ దిగగానే బోడిమల్లయ్య’ యని పరిహాసమాడుదురు.

ఈ పలుకుబడులను ఏ పండితుడును గదిలో కూర్చుండి కల్పింపలేదు. నదులును, కాలువలును, సముద్రపు పాయలును త్రోవలుగా బ్రతికిన జనుల నోట ఇవి పుట్టినవి. బండ్లబాటలు బురదలో కూరుకొనిపోవు వర్షకాలమున మన తీరసీమవారికి నీరే రాజమార్గము. ఆ మార్గము నేడు చాలవరకు మూతపడినది, మాటలు మిగిలినవి. తరగతిలో ‘చుక్కాని’ యన నేమని అడిగినచో ‘దారి చూపునది’ యని విద్యార్థులు వెంటనే బదులు చెప్పుదురు. అది పడవకు ముందుండునా, వెనుక నుండునా, దాని పిడిని కుడికి నెట్టినచో పడవ యెటు తిరుగును అని అడిగినచో మౌనము వహింతురు. ఉపమానము తెలిసినది, వస్తువు తెలియదు. వస్తువు తెలియని ఉపమానము ఎంతకాలము బ్రతుకును?

ఈ సందేహమే మమ్ము నీటిమీదికి నడిపించినది. గడచిన మాఘమాసమున ఒక శనివారమునాడు ఐదుగురు విద్యార్థినీ విద్యార్థులను వెంటబెట్టుకొని పులికాటు సరస్సుపై తెరచాప పడవలో ఒక పగలు గడిపితిని. యంత్రము లేని పడవ కావలెనని ముందుగానే కోరి కుదుర్చుకొంటిమి.

ఉప్పునీటి సీమ

మన దేశమున చిలికా తరువాత చెప్పదగిన ఉప్పునీటి సరస్సు పులికాటు. ఉత్తర దక్షిణములుగా దాదాపు 60 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. చాలభాగము ఆంధ్రప్రదేశ్ లోని తిరుపతి జిల్లాలోను, దక్షిణపు కొస తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలోను కలదు. తూర్పున శ్రీహరికోట దీవి అడ్డునిలిచి బంగాళాఖాతము నుండి దీనిని వేరుచేయుచున్నది. కాళంగి, ఆరణి నదులు మంచినీటిని దెచ్చి యిందులో కలుపుచుండగా, ముఖద్వారము గుండ సముద్రము ఉప్పునీటిని పంపుచుండును. వానలు మెండుగా కురిసిన యేట నీరు తియ్యబడును. వేసవిలో ఉప్పదనము పెరిగి, ఉత్తరభాగము చాలమేరకు ఎండి నెఱ్ఱెలు బారును. ఇట్లు ఏటేట చచ్చి బ్రతుకు నీరు గనుకనే చేపలకును, రొయ్యలకును, వానిని వెదకివచ్చు పక్షులకును ఇది పుట్టినిల్లయినది.

దీనికి ప్రళయకావేరి యను మరొక పేరు కలదు. స. వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ చదివినవారికి ఈ పేరు సుపరిచితము. ఈ దీవులలోని తెలుగువారి బ్రతుకును, వారి పలుకుబడిని ఆ కథలు పదిలపరచినవి. చరిత్రలోను ఈ తీరమునకు చోటున్నది. దక్షిణపు కొసనున్న పులికాటు రేవులో 17వ శతాబ్ది ఆరంభముననే డచ్చివారు కోట కట్టి, మన నేతబట్టలను దూరదేశములకు పంపిరి. ఉత్తరపు దిక్కున దుగరాజపట్నము వద్ద ఆంగ్లేయులు 1626లో వర్తకస్థానము నెలకొల్పిరి. చెన్నపట్టణము పుట్టుటకు అది పదమూడేండ్ల ముందటి మాట.

నేలగాలి

తడ సమీపమున భీమునివారిపాలెము రేవునకు మేము చేరునప్పటికి ఇంకను తెల్లవారలేదు. పడవవాని వయస్సు 70 ఏండ్లు దాటినది. సన్నని మనిషి, మాట పొదుపు. పడవ అడుగు బల్లపరుపు. నడుమ వెదురు కొయ్య, దానికి చుట్టిన చాప. తెరచాప యనగా విద్యార్థులు చిత్రములలో చూచిన తెల్లని గుడ్డను ఊహించుకొనియుండిరి. ఇది ఎరువుల సంచులను, నీలిరంగు పట్టాను ముక్కలుగా కత్తిరించి చేతితో కుట్టినది. ఒక విద్యార్థిని నిరాశపడినట్లు తోచెను. అది గ్రహించి వృద్ధుడు, ‘గాలికి కోక రంగుతో పనిలేదమ్మా, కుట్టు గట్టిగుంటే చాలు’ అనెను.

అతడు పడవ విప్పుటకు ముందు నిలుచుండి మెడవెనుక చేయి పెట్టి చూచుకొనెను. పడమటి దిక్కునుండి సన్నని చల్లగాలి వచ్చుచుండెను. మేము పోవలసిన ఇరకము దీవి తూర్పున నున్నది. ‘ఇది నేలగాలి అయ్యోరా. పొద్దెక్కేదాకా ఉంటాది. అందుకే పెందరాళే రమ్మన్యా’ అని చెప్పెను.

భూగోళ శాస్త్రములో మనము చెప్పు పాఠమే యిది. నేల త్వరగా వేడెక్కును, త్వరగా చల్లారును. నీరు రెంటియందును నెమ్మది. రాత్రియెల్ల నేల చల్లారి, నీరు ఇంకను వెచ్చగా నుండుటచేత, నీటిపైనున్న వెచ్చని గాలి పైకి లేచి, దాని చోటునకు నేలమీది చల్లగాలి ప్రవహించును. మధ్యాహ్నమునకు ఈ వరుస తారుమారై సముద్రము నుండి నేలవైపు గాలి వీచును. పడమటి ఒడ్డున కాపురముండి తూర్పునకు వేటకు పోవు ఈ బెస్తలకు ప్రకృతియే రానుపోను ఏర్పాటు చేసినది. తెల్లవారుజామున పోవుగాలి, ఆపరాహ్ణమున వచ్చుగాలి. ఈ పాఠమును నేను విద్యార్థులకు నల్లబల్లపై బొమ్మగీసి చెప్పగలను; అతనికి మెడవెనుక చర్మము చెప్పినది.

చాప విప్పగనే చప్పుడు లేకుండ పడవ కదలినది. యంత్రపు హోరునకు అలవాటుపడిన చెవులకు ఆ నిశ్శబ్దము మొదట వింతగా నుండెను. క్రమముగా చిన్న చప్పుళ్లు వినవచ్చినవి: పడవ మొనను నీరు ఒరయు సవ్వడి, కొయ్యకు కట్టిన తాడు కిఱ్ఱుమనుట, ఎక్కడనో చేప యెగిరిపడుట. నీటి లోతు చాలచోట్ల మనిషి నడుమునకు మించదు. అక్కడక్కడ వలకట్టుటకు పాతిన కొయ్యలు నీటిపై తలలెత్తి యుండెను. దక్షిణభాగమున బెస్తవాడల వారు వేటస్థలములను ‘పాడు’ అను వంతుల కట్టడిచేత పంచుకొందురు. ఏ చోట ఎవరు వల వేయవలెనో చీట్లు నిర్ణయించును. నీటికి గట్లు లేకున్నను నీతికి గట్లున్నవన్నమాట.

ప్రొద్దు పొడుచునప్పటికి దూరమున తెల్లని గీత యొకటి కనబడెను. దగ్గరైనకొలది ఆ గీత కాళ్లు దాల్చి ఫ్లెమింగోల గుంపుగా మారెను. తలక్రిందులుగా ముక్కును నీటిలో ముంచి, బురదనీటిని వడగట్టి, సూక్ష్మజీవులను తినుట వాని పద్ధతి. లోతులేని నీరే వానికి కావలెను. సరస్సు పూడిపోయినను, ముఖద్వారమున ఇసుక మేటవేసి సముద్రపునీరు రాకపోయినను, అవి మరొక చోటు వెదకుకొనవలసినదే. గూడబాతులు సమీపమున నేలపట్టులో గూళ్లు కట్టుకొని, మేతకు ఇచ్చటికి వచ్చుచుండును. మా పడవ వానిని ఎంతో దగ్గరగా దాటిపోయినను అవి బెదరలేదు. ఇంతలో వెనుకనుండి యంత్రపు పడవ యొకటి రాగా గుంపు గుంపంతయు ఒక్కసారిగా లేచెను. రెక్కల లోపలి ఎఱుపు ఆకాశమున పరచుకొనెను.

ఆ యంత్రపు పడవలో దీవి బడికి పోవుచున్న ఉపాధ్యాయులుండిరి. ఇరకము దీవికి మేము పోయిననాటికి వంతెన లేదు. అచ్చటి బడిపిల్లలకు అక్షరములు పడవమీదనే రావలెను. గాలివానలోను, పొగమంచులోను ఈ నీటిని దాటి గంట కొట్టు ఆ సహోద్యోగులకు మనసులోనే నమస్కరించితిని. వారు క్షణములో మమ్ము దాటిపోయిరి. మా విద్యార్థులలో నొకడు ఆశగా అటు చూచుట కనిపెట్టి వృద్ధుడు, ‘వాళ్లకు బడిగంట ఉండాది. మనకేముండాది?’ అని నవ్వెను. ఆ మాట న్యాయమే. యంత్రమును నిందించుటకు మేము పోలేదు. ప్రతిదినము పోవువానికి వేగము అవసరము. గాలి ఎట్లు పనిచేయునో తెలిసికొనగోరిన వానికి గాలియే కావలెను.

గాలి పండుకొన్న వేళ

దీవిలో కొంతసేపు తిరిగి, రేవు దగ్గర నీడను భోజనము ముగించునప్పటికి పడమటిగాలి ఆగిపోయెను. నీరు అద్దమువలె నిలిచెను. చాప నిట్టనిలువున వ్రేలాడెను. తిరుగు ప్రయాణమునకు తొందరపడుచున్న పిల్లలను జూచి, ‘గాలి పండుకొన్యాది. అది లేచేదాకా మనమూ పండుకోవాల’ అని వృద్ధుడు పడవలో నడుము వాల్చెను. గడవేసికొని పోరాదా యని యొక విద్యార్థి అడిగెను. ‘పోవచ్చు. గాలి వచ్చేదాకా నువ్వు గడేస్తావు, గాలి వచ్చినాక అలసిపోయి పండుకొంటావు’ అని అతడు బదులు చెప్పెను.

ఆ రెండు గంటల విరామమున అతని నోట కాలువ కథ వింటిమి. అతని తండ్రి సరంగు. బకింగ్‌హాం కాలువపై ఉప్పు, కట్టెలు నింపిన పడవలను చెన్నపట్టణమునకు తోలెనట. ఆ కాలువ ఈ సరస్సు గుండనే పోవును. నేటి విద్యార్థులు దానిని పేరుకైన వినియుండరు గనుక ఇచ్చట కొంత చెప్పుట అవసరము.

1806లో మద్రాసునుండి ఉత్తరముగా ఎన్నూరు వైపు త్రవ్విన చిన్న కాలువ దీనికి మొదలు. త్రవ్వించిన బేసిల్ కాక్రేన్ పేర అది కాక్రేన్ కాలువ యనబడి, తరువాత పులికాటు సరస్సువరకు సాగెను. 1837లో ప్రభుత్వము దానిని తన అధీనము చేసికొని అంచెలంచెలుగా పొడిగించెను. 1876–78 నాటి దారుణ క్షామమున, మన పెద్దలు ధాతకరువని చెప్పుకొను ఆ రోజులలో, చెన్నపట్టణపు కూవము, అడయారు నదులను కలుపు భాగము కరువుపనిగా త్రవ్వింపబడెను. నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు కాలువకు నిలిచినది. త్రవ్విన చేతుల పేర్లు ఏ రాతిమీదను లేవు.

ఉత్తరమున పెద్దగంజాము కడ ఈ కాలువ కృష్ణాడెల్టా కాలువలలోని కొమ్మమూరు కాలువను కలిసికొనును. కృష్ణ దాటినచో ఏలూరు కాలువ. అది గోదావరికి చేర్చును. అచ్చటినుండి కాకినాడ కాలువ. ఇట్లు కాకినాడనుండి పుదుచ్చేరి దాపువరకు దాదాపు 800 కిలోమీటర్లు సముద్రమున అడుగుపెట్టకయే పడవపై పోవుటకు వీలుండెను. ఈ గొలుసులో ఉత్తరపు లంకెలు సర్ ఆర్థరు కాటను దూరదృష్టి ఫలితములు. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసినది. కాటను దృష్టిలో కాలువ పైరుకు నీరిచ్చుటతో తీరిపోవునది కాదు. ఆ నీటిమీదనే పంట అంగడికి పోవలెను. రైలుకంటె నీటిబాట చవుకయని ఆయన జీవితాంతము వాదించెను.

ఆ వాదములోని బలము పడవను తాడుతో లాగినవానికి తెలియును. గాలి అనుకూలించినప్పుడు చాప, అనుకూలింపనప్పుడు తాడు. కొయ్యకు కట్టిన పొడవైన తాటిని భుజమునకు వేసికొని ఇద్దరు ముగ్గురు గట్టువెంట నడచుచుండగా బండ్లకొలది బరువు వారివెంట నీటిపై జారివచ్చును. నేలమీద ఆ బరువును ఇద్దరు మనుషులు ఒక్క అడుగైన కదల్పలేరు. ఎదురుగాలిలో చాపతోనే పోవుటకు లేదా? లోతైన సముద్రమున ఓడలు ఏటవాలుగా అటొకసారి ఇటొకసారి మలుపులు తిరుగుచు గాలికి ఎదురుగా పోగలవు. కాలువ ఇరుకు, మలుపునకు చోటుండదు. పడవ అడుగు బల్లపరుపు. గాలి ప్రక్కకు నెట్టినచో అడ్డునిలుచు భాగము నీటిలోపల లేదు. అందుచేత సరంగులు గాలి ఋతువులను జూచి ప్రయాణములు పెట్టుకొనెడివారు. ఈ కాలువ తీరము వెంబడి ఉత్తర దక్షిణములుగా సాగును. ఎండకాలమున దక్షిణపుగాలి పడవను ఉత్తరమునకు తోలును. కార్తికము నాటి ఈశాన్యపుగాలి దక్షిణమునకు తోలును.

లాకుల సంగతి విద్యార్థులకు మరింత వింత గొలిపెను. పై కాలువ యెత్తు, క్రింది కాలువ పల్లము. నడుమ పడవను దింపుట యెట్లు? రెండు జతల తలుపులున్న తొట్టివంటి కట్టడమే లాకు. పడవ లోనికి వచ్చినపిదప పైతలుపులు మూసి, క్రింది తూములు తెరతురు. నీరు మెల్లగా తగ్గుచుండగా పడవ తానే దిగును. నీరు సమమైనపిమ్మట క్రింది తలుపులు తెరచుకొనును. ఎక్కునప్పుడు ఇదే పని తలక్రిందుగా జరుగును. తలుపులు రెండును నీరు వచ్చువైపు మొనతీరి కలియునట్లు అమర్చుటచేత నీటి ఒత్తిడియే వానిని బిగించి పట్టును. ఒక్క చుక్క నూనె ఖర్చులేదు.

1899లో బెజవాడ–మద్రాసు రైలుమార్గము ఏర్పడెను. త్వరగా పోవలసిన మనుషులు రైలెక్కిరి. నెమ్మదిగా పోయినను చెడని ఉప్పు, సరుగుడు కట్టెలు, ధాన్యము మాత్రము పడవలను విడువలేదు. అటుపై లారీలు వచ్చినవి. 1965–66 లోను, 1976 లోను వచ్చిన తుఫానులు కాలువను దెబ్బతీసినవి. గట్లు తెగినచోట కట్టినవారు లేరు. పూడినచోట తీసినవారు లేరు. చెన్నపట్టణములో అది మురుగుకాలువగా మారినది. 1990లలో నగరపు రైలువంతెన స్తంభములు దాని నడుమనే నిలిచినవి. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు మాత్రము, నిరాదరణకు గురియైన ఈ కాలువయే పలుచోట్ల పొంగివచ్చిన సముద్రమును తనలో పట్టుకొని, ఆవలనున్న పల్లెలపై ఆ వడి పడకుండ కొంత కాచినది. 2008లో దీనిని, గోదావరీ కృష్ణా కాలువలను, ఆ నదుల భాగములను కలిపి 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. ప్రకటన మంచిదే. పూడికయు, గుర్రపుడెక్కయు, మురుగును తొలగినప్పుడే అది మార్గమగును.

‘మా నాయన చచ్చిపోయేదాకా గాలి చప్పుడైతే లేచి కూచునేవాడు, లాకుకు పోవాలనేవాడు’ అని వృద్ధుడు చెప్పి, ఉన్నట్లుండి తూర్పునకు తలయెత్తెను. నీటిమీద దూరముగా నల్లని గీత యొకటి కదలి వచ్చుచుండెను. సముద్రపుగాలి లేచినది.

తాడు చేతిలో నుండవలెను

తిరుగు ప్రయాణమున విద్యార్థులకు పని దొరకెను. చుక్కాని పిడి యొకనికి, చాప అంచును బిగించు తాడు వేరొకనికి వృద్ధుడు అప్పగించెను. చుక్కాని పట్టినవాడు రేవు కుడివైపున కనబడగా పిడిని కుడికి నెట్టెను. పడవ ఎడమకు తిరిగెను. తొట్రుపడి ఇంకను కుడికి నెట్టెను. ఇంకను ఎడమకు తిరిగెను. తక్కినవారు పకపక నవ్విరి. పిడి కుడికి పోయినచో నీటిలోని పలక ఎడమకు పోవును. పలక ఎటు పోయిన పడవ మొన అటు తిరుగును. తరగతిలో నేనడిగిన ప్రశ్నకు సమాధానము వారికి చేతులలో దొరకినది. ఆ సమాధానమును వారిక మరువరు.

తాడు పట్టిన విద్యార్థి తెలివిగలవాడు. గాలి నిలకడగా నున్నదికదా యని, అరచేయి ఒరసుకొనిపోవుట కోర్వలేక, తాటిని పడవ అంచుననున్న కొయ్యమేకునకు చుట్టి ముడివేసెను. అంతవరకు నిదానముగా నున్న వృద్ధుడు ఒక్క అంగలో వచ్చి ఆ ముడిని లాగివేసెను. అతని ముఖమున కోపము చూచుట ఆ దినమంతయు అదియొక్కసారి.

‘కట్టకూడదు నాయనా. చేతిలోనే ఉండాల. గాలి మారేది కంటికి కనపడదు, చేతికి తెలస్తాది. నువ్వు కట్టేస్తే అది చెప్పేది ఎవురికి?’

మాట ముగిసి కొంతసేపైనదో లేదో, ఒక బలమైన గాలివిసురు వచ్చి చాపను నిండించెను. పడవ ఒక ప్రక్కకు ఒరిగి, అంచు నీటిని తాకెను. వృద్ధుడు వ్రేళ్లు సడలించెను. చాప టపటప కొట్టుకొనెను, గాలి జారిపోయెను, పడవ నిటారుగా లేచెను. తాడు ముడివేసియున్నచో ఏమగునో ఎవ్వరును చెప్పనక్కరలేకపోయెను. ఆ విద్యార్థి మరల తాడందుకొని, రేవు చేరువరకు చేయి మార్చుచు పట్టియుండెనే గాని కట్టలేదు.

చేరువలోనికి వచ్చినపిమ్మట, ఈ విద్య ఎవరికి నేర్పితివని వృద్ధుని నడిగితిని. కుమారులిద్దరును తడ దగ్గర కర్మాగారములలో పనికి పోవుచున్నారట. నెలజీతము వచ్చును, ఎండలో మాడనక్కరలేదు. ‘వాళ్లు చేసింది మంచిపనే’ అని అతడే అనెను. ఈశాన్యముగా శ్రీహరికోట వైపు చూపుచు, అటనుండి రాకెట్టు లేచు దినములలో పడవలో నిలుచుండి తాను చూచెదననియు, 2023 జులై 14న చంద్రునిమీదికి పోయిన దానిని గూడ చూచితిననియు చెప్పెను. ఆ కేంద్రమునుండి మొదటి చిన్న రాకెట్టు 1971లో లేచినప్పుడు ఇతడు యువకుడు. ఒక్క జీవితకాలమున ఒక్క దిక్కున ఈ రెంటిని చూచినవాడు. చంద్రయానమును గూర్చి వేలకొలది పుటలు వ్రాయబడినవి, వ్రాయవలసినవే. చాప కుట్టు పద్ధతిని గూర్చి, గాలుల పేర్లను గూర్చి ఇతడు చెప్పగలిగినది మాత్రము ఒక్క పుటయైన ఎక్కడను లేదు.

పడవలోని భాష

ఇది జాలిపడి విడిచిపెట్టదగిన విషయము కాదు. తెలుగు ఉపాధ్యాయులకు ఇందులో పని యున్నది. పడవకు సంబంధించిన మాటలను వరుసగా పరిశీలింపుడు. నావ సంస్కృతము. ఓడ ద్రావిడము. సరంగు, లంగరు పారసీకమునుండి వచ్చినవి. చుక్కాని అరబ్బులు ‘సుక్కాన్’ అను మాట. లాకు, లాంచి ఆంగ్లేయులు తెచ్చినవి. పుట్టి, తెప్ప, గడ, రేవు మన పల్లెల సొత్తు. ఇన్ని జాతులు మన రేవులలో దిగినవనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? శాతవాహనరాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడబొమ్మ కలదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున దేశాంతర వర్తకులకు అభయశాసనమిచ్చెను. ఆ నాణెమును, ఆ శాసనమును చరిత్ర పాఠములో చెప్పుదుము. వానివెనుక తాడు పట్టిన చేయి యున్నదని కూడ చెప్పవలెను.

సాహిత్యపాఠమునకును ఇది అవసరమే. పాలగుమ్మి పద్మరాజుగారి ‘పడవ ప్రయాణం’ కథ రాత్రివేళ కాలువపడవలో నడచును. గట్టువెంట తాడులాగు మనిషిని, నీటి చప్పుడును, పడవ లోపలి చీకటిని ఎరుగని విద్యార్థికి ఆ కథలో సగము మాత్రమే అందును. మిగిలిన సగము అర్థతాత్పర్యములలో దొరకదు.

గోదావరి, కృష్ణ డెల్టాలలోను, ప్రకాశము, నెల్లూరు తీరములలోను కాలువగట్టున లేని పాఠశాలలు తక్కువ. ఆ యూళ్లలో పడవలు నడపినవారు, తాడులాగినవారు, లాకుల వద్ద పనిచేసినవారు ఇంకను కొందరుందురు. వారిలో చాలమంది వయస్సు 70 దాటియుండును. ఒక సెలవుదినమున విద్యార్థులు వారివద్దకు పోయి, పడవ భాగముల పేర్లు, గాలుల పేర్లు, సరకుల పేర్లు, రేవుల వరుస అడిగి వ్రాసికొనవచ్చును. నిఘంటువులలోనికి ఎక్కని మాట యొక్కటి దొరకినను అది లాభమే. ఏ మాట ఎవరు చెప్పిరో, ఏ యూరిలో చెప్పిరో ప్రక్కన వ్రాసిపెట్టుట మరువరాదు. ఆ వ్రాతప్రతిని పాఠశాల గ్రంథాలయమున భద్రపరచినచో రేపటి పరిశోధకుడు ఆ పిల్లలకు కృతజ్ఞుడగును. దీనికి నిధులక్కరలేదు, అనుమతులక్కరలేదు. ఒక పుస్తకము, ఒక కలము, వినుటకు కొంత ఓపిక చాలును.

కాలువను గూర్చియు ఇట్లే పరిశీలింపవచ్చును. తమ యూరి కాలువలో ఏయే నెలలలో నీరుండును, ఎచ్చట పూడినది, ఎచ్చటి మురుగు వచ్చి కలియుచున్నది, పాతలాకు తలుపులేమైనవి అని విద్యార్థులే పటము గీయవచ్చును. తాను గీసిన కాలువలో చెత్త పోయుటకు ఏ పిల్లవానికిని చేయిరాదు.

ఏరు దాటి తెప్ప తగులవేయుట కృతఘ్నత యని మన సామెత. నీటిబాటల విషయమున మనము చేయుచున్నది అంతకంటె అవివేకము. నూనె ధర పెరిగినప్పుడెల్ల, త్రోవలు లారీలతో క్రిక్కిరిసినప్పుడెల్ల, చవుకైన నీటిబాట కావలెనని మరల తలచుకొనుచున్నాము. అనగా మనమింకను ఏరు దాటలేదు. తెప్ప కాలిపోకమునుపే దానిని కట్టిన విధమును తెలిసినవారినుండి వ్రాసి యుంచుకొందము.